డెల్మిరా టీచరు పేరు మీద బిల్లు
మోంతెవిదేయోలోని చట్టసభకి వాల్దెమార్ గారు అందరికంటే ముందొచ్చి కూర్చుంటారు. చంకలో వేణ్ణీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే అనే టీ తాగే సొరబుర్ర. గుమాస్తా బేర్తా కొత్త బిల్లులు చదువుతూ ఏది ఏ కమిటీకి వెళ్తుందో చెబుతుంటే మిగతావాళ్లంతా ఆవలిస్తారు. ఈయన మాత్రం మెడ పక్కకి వంచి మరీ వింటారు. ఒలెగారియో పేరు వినబడితే చాలు, టీ పీల్చే గొట్టాన్ని పళ్లతో కొరికేస్తారు. ఇద్దరిదీ ఒకే జిల్లా, చిన్నప్పుడు ఒకే బడి, ఒకే టీచరు. ఆ రోజు బేర్తా చదివింది: "మెలో ఊరి దగ్గరి పల్లె బడికి డెల్మిరా టీచరు పేరు. సభ్యుడు ఒలెగారియో బిల్లు. విద్యా కమిటీకి." ఆ వెంటనే, "అదే బడికి అదే పేరు. సభ్యుడు వాల్దెమార్ బిల్లు. అదే కమిటీకి, ముందొచ్చిన బిల్లు కింద కలపాలి."

వాల్దెమార్ గారి చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి, "ఆవిడ నీకేమవుతుందని పెట్టావోయ్?" అన్నారు.

"ఏమవడమేంటి? పాల మీద మీగడ నాకొక్కడికే దాచిపెట్టేది. బిల్లులోనూ అదే రాశాను," అన్నాడు ఒలెగారియో.

వాల్దెమార్ గారు తన బిల్లులో రాసిందీ ఆ మీగడ గురించే. ఇన్నేళ్లూ అది తనకొక్కడికే అనుకున్నారు పాపం. లేచి బేర్తా బల్ల దగ్గరికి వెళ్లారు.

"అమ్మాయ్, నా బిల్లులో మీగడ కొట్టేయ్. వానరోజుల్లో నన్ను గుర్రమెక్కించుకుని ఇంటి దగ్గర దింపేదని రాయి."

"గుర్రమా? ఆవిడకి గుర్రమెక్కడిది?" అన్నాడు వెనకనుంచి ఒలెగారియో.

"నీకెలా తెలుస్తుందిలే. నిన్నెప్పుడూ ఎక్కించుకోలేదుగా."

ఒలెగారియో కూడా లేచి బల్ల దగ్గరికొచ్చాడు. మెల్లిగా, "ఏ రంగు గుర్రం?" అన్నాడు.