జీడి కల్లంలో హజ్ రిహార్సలు

ఆ రోజుల్లో జనాన్ని అదుపు చేయడంలో మా పలాసలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదని తర్వాత తెలిసింది.) మా చర్చివాళ్ళు ఏటా పెట్టే కూటాలకి నేనే వాలంటీరుని. మెడలో ఈల, జేబుకి బ్యాడ్జీ, చేతిలో తాడు. వాక్యం వినడానికొచ్చిన ముసలమ్మల్ని తాడుకి అవతల, భోజనాల కోసమే వచ్చిన పిల్లల్ని ఇవతల నిలబెట్టి ఈల ఊదానంటే పాస్టరుగారు కూడా నన్నడిగే కదిలేవారు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఊళ్ళో తిరిగేవాడికి ఓ ఈల దొరికితే ఎలా ఉంటాడో మీకు చెప్పక్కర్లేదు.

మా పక్కిల్లు బీబత్తది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, గుమ్మం దాటితే ఆవిడ మాట అచ్చం మా మాటే. నన్ను "అల్లుడూ" అనే పిలిచేది. భర్త పోయాక కుట్టుమిషను తొక్కి కొడుకుని పెంచింది. హజ్‌కి వెళ్ళాలన్నది ఆయన జీవితకాలపు కోరిక, తీరకుండానే పోయాడు. ఆయన తరఫున కూడా వెళ్ళిరావాలని బీబత్త ప్రాణం కొట్టుకునేది. ఆ ఏడు వాళ్ళన్నయ్యకి తోడుగా ఆవిడకీ అవకాశం వచ్చింది. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక, టీవీలో మక్కా జనాన్ని చూసి ఒక్కసారిగా డీలా పడిపోయింది.

"నానెల్లను అల్లుడూ. అది జనమా, సముద్రమా? నౌపడ టేసన్లో దిగితేనే నాకు దారి తెల్దు. అక్కడ మా అన్న సెయ్యి జారిపోతే నన్నెవుడు ఎతుకుతాడు? ఆ బాస రాదు, ఆ ఊరు తెల్దు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆవిడ కొడుకు నా ఈడువాడే. నన్ను పక్కకి లాగి, "బావా, అమ్మ ఇప్పుడెల్లకపోతే మరింకెప్పుడూ ఎల్లదు. ఏదో ఒకటి సెయ్యి" అన్నాడు. ఇక ఆగుతానా! జేబులో ఉన్న ఈల మెడలోకి వచ్చేసింది.

హజ్‌కి వెళ్ళేవాళ్ళకి ముందే తర్ఫీదు ఇవ్వడం రివాజు. కాబా చుట్టూ ఎటునుంచి ఎటు తిరగాలో, ఎక్కడ ఏం చదవాలో నేర్పుతారు. పలాస, టెక్కలి నుంచి బయల్దేరే గుప్పెడుమందికి హాజీ తాత నేర్పుతున్నాడు. ఆయన అంతకుముందే వెళ్ళొచ్చినవాడు. స్థలం ఓ జీడి ఫ్యాక్టరీ కల్లం, అంటే పిక్కలు ఎండబెట్టే పెద్ద గచ్చు. సీజను కాదు గనక ఖాళీగా ఉంది. మధ్యలో కాబా ఉండాల్సిన చోట బస్తాలు పేర్చి, "ఇది గుర్తు మాత్రమే బాబూ" అని తాత పదేపదే చెప్పేవాడు. అంతా బాగానే ఉంది గానీ జనమేరీ? జనం లేకుండా జనం భయం ఎలా పోతుంది? జనాన్ని నేను తెస్తానన్నాను. తాత నన్ను ఎగాదిగా చూసి, ఎందుకో గానీ సరేనన్నాడు.

పూండి దాటాక సముద్రం ఒడ్డున మా నాన్నకి తెలిసిన జాలర్లున్నారు. ఆ వారం గాలి ఎక్కువై వేట లేదు. బిర్యానీ పెడతాం, తిరగడమే పని అనగానే రెండు వ్యాన్ల నిండా దిగారు. నా ఏర్పాటు చాలా గొప్పది. హాజీలు మధ్యలో నడుస్తారు, చుట్టూ జాలర్లు తోసుకుంటూ తిరుగుతారు. మరీ మీదపడిపోకుండా హాజీల చుట్టూ తాడు అడ్డం. తాడు రెండు కొసలూ చెరో గుంపు చేతికిచ్చి, "నేను ఈలెయ్యగానే అందరూ మెల్లగా నడవండి" అని చెప్పి ఈలేశాను.

వాళ్ళు పుట్టినప్పటినుంచీ ఒడ్డున పెద్దవల లాగినవాళ్ళు. రెండు కొసలూ రెండు గుంపులు పట్టుకుని, లాగుతూ లాగుతూ దగ్గరకొస్తారు. మధ్యలో పడ్డ చేప మరి తప్పించుకోదు. అదిగో, ఆ సంగతే నేను ఆలోచించలేదు. "ఐలెస్సా" అని ఒకడు అందుకున్నాడు, "ఐలెస్సా" అని మిగతావాళ్ళు అందుకున్నారు. మడమలు గచ్చుకి తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగడం మొదలెట్టారు. హాజీలందరూ ఒక్క మూటై గేటువైపు కొట్టుకుపోయారు. హాజీ తాత చెప్పు ఒకటి ఎటో పోయింది. బీబత్త అన్నగారు ఓ కొసనా, బీబత్త ఇంకో కొసనా తేలారు. ఆపండ్రా బాబూ అని నేను ఈల ఊదిన కొద్దీ వాళ్ళు మరింత జోరుగా లాగారు. చివరికి వంటవాడు బిర్యానీ డేగిసా మూత తీస్తే, ఆ వాసనకి తాడు వదిలారు.

నేను కేకలేస్తే వాళ్ళ పెద్ద ఆశ్చర్యపోయాడు. "తాడు సేతికిచ్చినావు, ఈలేసినావు. మరి లాగకుండా ఎలాగుంటాం బాబూ?"

బీబత్త గచ్చుమీద చతికిలబడి ఉంది. బురఖా అంతా దుమ్ము. ఆవిడ హజ్‌ని నా చేతులతో నేనే పాడుచేశానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అత్తా, దెబ్బ తగిలిందా?" అంటూ పరిగెత్తాను. ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికెళ్ళి చూస్తే నవ్వుతోంది, ఊపిరాడకుండా నవ్వుతోంది.

"ఓరి నీ తెలివి తగలెయ్యా! ఇందులోంచే బతికి బైటపడ్డాను. అక్కడ ఇంతకన్నా ఏటవుద్ది? ఎల్తాను, తప్పకుండా ఎల్తాను" అంది.

వెళ్ళింది. తిరిగొచ్చిన రోజు పలాస స్టేషనుకి వీధి వీధంతా కదిలింది. రైలు దిగగానే నేనడిగిన మొదటి మాట, "తప్పిపోనావా అత్తా?"

"రెండు మాట్లు. కూకుని ఏడ్సినాను కూడా. అప్పుడో పోలీసు కుర్రోడు కనపడ్డాడు. నీ ఈడే ఉంటాడు. అరిసి అరిసి గొంతు పోయింది పాపం. ఏ దేశం ముసిల్ది తప్పిపోయినా ఆడి సొక్కాయే పట్టుకుంటంది. ఆడే నన్ను డేరా కాడికి సేర్సినాడు. ఆ తల్లి కన్నబిడ్డ సల్లగుండాలని దువా సేసినాను. అప్పుడు నువ్వు గేపకమొచ్చినావు. నీకూ సేసినాను."

ఆవిడ చేతిలో సంచీ అందుకుని ఆశగా అడిగాను. "నాకేటని సేసినావత్తా?"

"మా అల్లుడి సేతికి ఇంకెప్పుడూ జనాన్ని అప్పగించకు అల్లా, అని."

ప్లాట్‌ఫారం అంతా గొల్లుమంది. ఆ దువా ఎంత గట్టిదో గానీ, మరుసటేడే నాకు మాస్టారు ఉద్యోగం వచ్చింది, సుమ్మాదేవి ఊరి వైపు పట్టుమని పదిమంది పిల్లలు లేని బడిలో. ఆ పిల్లలు కూడా నా మాట వినరనుకోండి. బీబత్త కన్నుమూసి చాలా కాలమైంది. ఈల ఊదుకుంటూ తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో నవ్వొస్తుంది. నవ్వు తగ్గాక ఇంకోటి తడుతుంది. తప్పిపోతానని అంత భయపడ్డ మనిషి, అన్ని లక్షలమంది మధ్య నిలబడి, పక్కింటి క్రైస్తవుల కుర్రాణ్ణి తలుచుకుంది.