టీచరుగారి నోటిలెక్క

మా లెక్కల టీచరుగారు పోయారు. అల్లవరం నుంచి వాళ్ల అక్కగారు ఫోన్ చేసి, "చెల్లి ప్రభువు దగ్గరకి వెళ్లిపోయిందమ్మా" అన్నారు. కాలేయంలో కేన్సర్ అని తెలిసిన ఏడాదికే. అయ్యో అనడానికి కూడా నాకు నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఇక్కడ రాస్తున్నాను. అక్కగారు కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను.

టీచరుగారు తప్పు లెక్కని ఎర్రసిరాతో కొట్టేసేవారు కాదు. తప్పు మొదలైన వరుస పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి పుస్తకం తిరిగిచ్చేవారు. "అక్కడ్నించి మళ్లీ రా" అనేవారు. పొలం కూలికి వెళ్లే అమ్మ కూతుర్ని నేను. ఈరోజు అమలాపురంలో పిల్లలకు లెక్కలు చెబుతున్నానంటే ఆ చుక్కల చలవే. ఎక్కాలు తప్పితే మాత్రం ఇంటికొచ్చి మరీ అప్పజెప్పించుకునేవారు, మా అమ్మ ఇచ్చిన టీ తాగుతూ.

పట్నం ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను. గడ్డకి మాత్రమే గురిపెట్టి రేడియేషన్ ఇస్తారట.

"గడ్డ సంగతి మేం చూస్తాం. మిగతా కాలేయం తట్టుకుంటుందా లేదా అన్నదే తేలాలి" అన్నారు డాక్టరుగారు.

రక్తపరీక్షలు అటూ ఇటూగా ఉన్నాయి. పొట్టలో నీరు లేదు. ఇక మనిషి తెలివిడి చూడాలి. కాలేయం బాగా దెబ్బతింటే ఆలోచన కూడా మందగిస్తుందట.

"వందలోంచి ఏడేసి తీసేస్తూ వెళ్లండి" అన్నారాయన.

"తొంభై మూడు, ఎనభై ఆరు..." టీచరుగారు ఆగిపోయారు. కాసేపు కిటికీకేసి చూసి నవ్వారు. "ఈ లెక్క కోసవాండీ నన్నింత దూరం రప్పించేరు?"

ఆవిడకి తర్వాతి అంకె అందలేదని నాకు తెలుసు. వారం ముందు నన్ను వేరే పిల్ల పేరుతో పిలిచారు. పగలంతా మగతగా పడుకుంటున్నారు. అవన్నీ చెప్పాలి. కానీ పక్కనే కూర్చుని, మా టీచరుగారికి మతి తడబడుతోందని ఎలా అనను? పైగా ఎక్కడలేని అభిమానం పొడుచుకొచ్చింది.

"మా లెక్కల టీచరుగారండీ! నోటిలెక్కల్లో ఆవిణ్ణి మించినోళ్లు మా వైపు లేరండి" అనేశాను.

"లెక్కల టీచరా?"

"ఆయ్!"

డాక్టరుగారు మొహమాటపడి, "సారీ మేడమ్" అంటూ తెలివిడి బాగుందని కాగితం మీద టిక్కు పెట్టేశారు.

రేడియేషన్ అయిన రెండు నెలలకి టీచరుగారి కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. అప్పుడు ఉండబట్టలేక డాక్టరుగారికి అంతా చెప్పేశాను. ఆయన ఆ రోజు టిక్కు పెట్టిన కాగితం తీసి చూశారు. "ఆ రోజే తెలిస్తే ఆగి, ఇంకోసారి పరీక్షించేవాళ్లం. దానివల్ల బతికేవారో లేదో మాత్రం చెప్పలేనమ్మా" అన్నారు. నాకూ తెలియదు. రోజూ అదే ఆలోచిస్తున్నాను.

నిన్న టీచరుగారి కోసం పెట్టిన ప్రార్థన కూడిక అయ్యాక భోజనాల దగ్గర అక్కగారు నా పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఆసుపత్రిలో నువ్వే కదమ్మా పక్కనున్నావు. దానికి మతి తప్పుతున్నట్టు నీకేవన్నా అనిపించిందా? నాకు అనుమానంగానే ఉండేది. టీచరమ్మ గురించి అలా అంటే నవ్వుతారని ఊరుకున్నాను."

"లేదండీ" అన్నాను.

"హమ్మయ్య. నీకే కనపడలేదంటే నాదే భ్రమ."

ఆవిడ కళ్లు తుడుచుకుని, అడక్కుండానే నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం పెట్టారు. ఆవిడ చూస్తుండగా మెతుకు మిగల్చకుండా తిన్నాను.