లాకర్‌లో ఫోన్

పక్కన పెట్టను. మొన్న ఆదివారం అక్కడ చెప్పిన మాటే ఇక్కడా చెప్తున్నాను. ఫ్రెండ్ వాళ్ల గృహప్రవేశం, గరాజ్‌లో మడత బల్లల మీద అల్యూమినియం ట్రేల నిండా పులిహోర, గుత్తివంకాయ. ఒక చేతిలో పేపర్ ప్లేటు, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని నేను నిలబడి ఉంటే, మా పాత ఆఫీస్ అన్న అందరి ముందూ నవ్వుతూ, "తిండి దగ్గర కూడా ఫోనేనా అమ్మా? పక్కన పెట్టు, అదెక్కడికీ పోదులే" అన్నాడు. అందరూ నవ్వారు. వేరే ఎవరన్నా అని ఉంటే నేనూ నవ్వేసేదాన్నేమో. ఆయన అన్నాడు కాబట్టే మండింది. ఎందుకు మండిందో మీకు అర్థం కావాలంటే అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నా మొదటి ఉద్యోగం రోజులు చెప్పాలి. నా ఈడు వాళ్లయితే, వీసా మీద బతికిన వాళ్లయితే, సగం మీకు తెలిసినదే.

నేను హైదరాబాద్ పిల్లని. చిన్నప్పుడు ఇంటి తాళంచెవిని మా అమ్మ పిన్నీసుతో నా గౌనుకి గుచ్చి పంపేది, ఎందుకంటే చేతికిస్తే అది సాయంత్రానికి స్కూల్‌లోనో ఆటోలోనో ఉండిపోయేది. తెలివుంది కానీ ధ్యాస లేదని టీచర్లు, పొగరెక్కువని చుట్టాలు, ఎవరికి తోచింది వాళ్లు అనేవాళ్లు, నేను అందరితోనూ పోట్లాడేదాన్ని. చేతికి ఫోన్ వచ్చాకే నా బతుకు కాస్త దారిలో పడింది. లేవడానికి అలారం, స్నానం నుంచి బయటికి రావడానికి అలారం, స్టవ్ కట్టేయడానికి అలారం. అది ఒక జబ్బుని మోసే పద్ధతి అని అప్పుడు నాకు తెలియదు, అందరూ ఇలాగే బతుకుతారనుకున్నాను.

ఎమ్మెస్ అయిపోయి ఇర్వింగ్ వచ్చిన కొత్తలో ఒక రోజు ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. స్టవ్ మీద పప్పు మాడి, పొగకి అలారం మోగి, అపార్ట్‌మెంట్ బిల్డింగ్ మొత్తం పిల్లాపాపలతో పార్కింగ్ లాట్‌లో నిలబడింది. నా రూమ్మేట్ అరవలేదు, తిట్టలేదు, నా పేరు మీద డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. ఆ డాక్టర్ చాలాసేపు చిన్నప్పటి సంగతులు అడిగి, నాకున్నది ఏడీడీ అని, అంటే ధ్యాస నిలవకపోవడం ఒక్కటే కాదని, నిలిచినప్పుడు ఇక వదలకపోవడం కూడా అందులో భాగమేనని, పెద్దయ్యాక కూడా పోదని, దాంతో బతకడం నేర్చుకోవాలని చెప్పింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, ఆ పిన్నీసు రోజుల నుంచి పడ్డ తిట్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. టాబ్లెట్ రాసిచ్చింది. దానికి రీఫిల్ ఉండదు, ప్రతి నెలా కొత్త ప్రిస్క్రిప్షన్ కోసం వెళ్లాలి. టాబ్లెట్ వల్ల తల్లోని గోల తగ్గింది కానీ, గడియారం చూడాలన్న సంగతిని అది గుర్తు చేయదు, దానికి ఫోనే కావాలి.

ఆ ఫోన్‌నే లాకర్‌లో పెట్టించే ఉద్యోగం వచ్చింది నాకు. ఇప్పించింది ఈ అన్నే. మా సీనియర్‌కి తెలిసినవాడు, గుంటూరు వైపు మనిషి, తన రెఫరల్ మీద నన్ను ఇర్వింగ్‌లోనే లాస్ కొలినాస్ అనే ఆఫీసుల పేటలో తన టీమ్‌లోకి తీసుకున్నాడు. నా లీడ్ ఆయనే, రోజూ కార్‌పూల్‌లో తీసుకెళ్లేదీ ఆయనే. మొదట్లో వంతులు వేసుకుని డ్రైవ్ చేద్దామన్నారు, కానీ నేను మాటల్లో పడి హైవే దిగాల్సిన ఎగ్జిట్ దాటించి అందర్నీ ఎయిర్‌పోర్ట్ దాకా తీసుకెళ్లాక నా వంతు రద్దయింది. వదిన ఫ్లాస్క్‌లో కాఫీ పోసిచ్చేది, కారంతా ఆ వాసన. మా పని వేరే కంపెనీల ఉద్యోగుల జీతాల ఫైల్‌ని సరిచూసి మధ్యాహ్నం గడువులోపు బ్యాంక్‌కి వదలడం. గడువు దాటితే ఎక్కడో ఎవరికో ఆ రోజు జీతం పడదు. అకౌంట్ నంబర్లు కనిపించే గది కాబట్టి ఫోన్, బ్యాగ్, మోగే వాచీ ఏదున్నా బయటి లాకర్‌లో పెట్టి వెళ్లాలి. లోపల కంప్యూటర్లలో ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ తప్ప ఏమీ లేదు. గోడ మీద గడియారం ఉండేది, కానీ ఉన్న గడియారాన్ని చూడాలని గుర్తు రావాలి కదా.

ఒక రోజు ఫైల్‌లో రెండు అకౌంట్లు తేడాగా కనిపించాయి. నేను వాటి వెనక పడ్డాను, తవ్వుతూనే ఉన్నాను, చుట్టూ ఎవరున్నారో కూడా తెలియలేదు. గడువు ముంచుకొస్తుంటే అన్న పరిగెత్తుకొచ్చి నా కీబోర్డ్ లాక్కుని ఫైల్ వదిలాడు. సాయంత్రం మిగతా వాళ్లని దింపేశాక, కారు మా అపార్ట్‌మెంట్ ముందు ఆపి, ఇంజిన్ కట్టేసి, ఇంకోసారి ఇలా జరిగితే కాంట్రాక్ట్ పొడిగించమని తను చెప్పలేనన్నాడు. కాంట్రాక్ట్ పోతే వీసా పోతుంది, అది ఇద్దరికీ తెలుసు. అప్పుడు ఆయనకి ఏడీడీ సంగతి చెప్పాను, ఫోన్ లేకపోతే నాకు టైమ్ తెలియదన్నాను. ఆయన ఒకసారి వెనక ఖాళీ సీట్ల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

"లేదన్నా."

"చెప్పమాక. హెచ్ఆర్‌కి తెలిస్తే ఇంకేదో సాకు పెట్టి తీసేస్తారు. మనోళ్లకి తెలిస్తే రేపు సంబంధాలు కూడా రావు. నిన్ను తెచ్చింది నేను, నా పేరు కూడా పోద్ది."

నేను నోరు మూసుకున్నాను. ఆ వారాలు ఎలా గడిపానో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది. పెద్ద బాటిల్ నీళ్లు తాగేసి గదిలోకి వెళ్లేదాన్ని. ఎంత పనిలో మునిగినా ఒంటికి వచ్చేది ఆగదు కదా, లేచి వెళ్లేదాన్ని, దారిలో లాకర్ తీసి ఫోన్‌లో టైమ్ చూసుకునేదాన్ని. కడుపే నా అలారం. గడువులన్నీ అందుకున్నాను. రాత్రి అన్నం మాత్రం సయించేది కాదు.

పొడిగింపుల గురించి మీటింగ్ జరిగిన రోజు, మా మేనేజర్, అమెరికన్ ఆవిడ, నేను మాటిమాటికీ గది వదిలి లాకర్ల దగ్గరికి ఎందుకు వెళ్తున్నానని అడిగింది. మామూలుగానే అడిగింది. నేను నోరు తెరిచేలోపే అన్న నవ్వుతూ, ఈ కాలం పిల్లలు కదా, ఫోన్ అడిక్షన్ అన్నాడు. బహుశా నన్ను కాపాడుతున్నాననుకున్నాడేమో, ఇప్పుడనిపిస్తుంది. ఆ క్షణంలో నాకు కనిపించింది గౌనుకి గుచ్చిన పిన్నీసే. అడిక్షన్ కాదు, నాకు ఏడీడీ ఉంది, నాకు కావాల్సింది ఒక టైమర్, అంతే, అని ఇంగ్లిష్‌లో, అవసరమైనదానికంటే గట్టిగా చెప్పాను. గది గదంతా బల్ల వైపు చూసింది. అన్న మొహంలో రక్తం లేదు.

డాక్టర్ దగ్గర్నుంచి లెటర్ తెమ్మన్నారు, సెక్యూరిటీ వాళ్లు చూడాలన్నారు, జవాబు చెప్పడానికి రోజులు పట్టింది. ఆ రోజుల్లో సూట్‌కేస్ మంచం కింద నుంచి బయటికి తీసి పెట్టుకున్నాను. చివరికి నడుముకి పెట్టుకుంటే వణికే చిన్న టైమర్, కెమెరా లేనిది, నెట్ లేనిది, ఒప్పుకున్నారు. కాంట్రాక్ట్ కూడా పొడిగించారు.

కానీ మీటింగ్ మర్నాడు పొద్దున కారు రాలేదు. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాక, కార్‌లో చోటు లేదని మెసేజ్ వచ్చింది. నిన్నటిదాకా ఉన్న చోటు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. పాత కారొకటి కొనుక్కుని, ఎగ్జిట్‌లు దాటిపోతూ, ఒక్కదాన్నే వెళ్లాను.

చాలా నెలల తర్వాత, ఆయన వేరే ప్రాజెక్ట్‌కి మారిపోయే ముందు, పార్కింగ్ లాట్‌లో నా కారు అద్దం మీద వేలితో తట్టాడు. అటూ ఇటూ చూసి, "ఆ డాక్టర్ నంబర్ ఉందా అమ్మా? ఒక ఫ్రెండ్‌కి కావాలి" అన్నాడు. ఫ్రెండ్ ఎవరని నేను అడగలేదు. అక్కడే ఫోన్ తీసి పంపాను. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆ క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో ఇద్దరం ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన గోడ మీది బొమ్మ చూశాడు, నేను ఫోన్ చూసుకున్నాను.

మొన్న గరాజ్‌లో ఆ నవ్వులు ఇంకా ఆగకముందే ఆయన చొక్కా జేబులో ఏదో గుర్రుమంది. నవ్వు ఆపి, జేబు మీద చెయ్యేసుకుని, నీళ్ల సీసా తీసుకుని తన కారు వైపు నడిచాడు. వెళ్తూ ఒక్కసారి నా వైపు చూశాడు. ఒక్క మాట అంటే చాలు, అక్కడున్న అందరికీ తెలిసిపోయేది. పక్కన పెట్టనని మాత్రమే అన్నాను, ఫోన్ దించలేదు.

ఇప్పుడు టైమ్ గుర్తు చేసే గడియారాలు ప్రతివాళ్ల చేతికీ వచ్చేస్తున్నాయి, వణికితే ఎవరూ తిరిగి కూడా చూడరు. నాకు టైమర్ కోసం ఎవరినీ బతిమాలే పని లేదు, గడువులు దాటడం లేదు, ఎగ్జిట్‌లు కూడా దాదాపు దాటడం లేదు. అయినా పొద్దున హైవే ఎక్కగానే ఆ కాఫీ వాసన గుర్తొస్తుంది, వెనక సీట్లో అందరం ఒకేసారి మాట్లాడుకున్న గోల గుర్తొస్తుంది. ఆ కారులో నా చోటు పోయింది నాకున్న జబ్బు వల్ల కాదు, దాన్ని పైకి చెప్పినందుకు. చాటుగా కారులో కూర్చుని టాబ్లెట్ వేసుకునే మనిషి, అందరి ముందూ ఫోన్ పట్టుకున్న నన్ను చూపించి నవ్విస్తున్నాడు. ఇంతా విన్నాక కూడా, మీలో ఎవరికైనా ఆ ఆదివారం నేనే ఫోన్ పక్కన పెట్టాల్సిందని అనిపిస్తోందా?