మొదటి గుండు తుపాకిది

ఇక్కడ బర్మాలో తన్లిన్ పగోడా తిరనాళ్ళంటే నాకు రోత. నేలంతా కిళ్ళీ ఉమ్ములు, ఎప్పటిదో నూనెలో వేగే వడలు, చెవులు బద్దలు కొట్టే మైకులు, పైన జనరేటర్ పొగ. బస్సెక్కి వంతెన దాటి అంత దూరం వెళ్ళి ముక్కు మూసుకోవడం ఏం భాగ్యమో! ఈ ఏడు నేను వెళ్ళింది భక్తితో కాదు, ఇంట్లో ఉండబుద్ధి కాక.

తామ్వేలో మా ఇంట్లో కూర్చుని ఆడవాళ్ళ లుంగీలకు నడుం దగ్గర నల్ల పట్టీ చేత్తో కుట్టివ్వడం నా పని. నల్ల బట్ట మీద నల్ల దారం. ఆ వారం నేను కుట్టినవన్నీ కొట్టువాడు తిప్పి పంపాడు. కోడలు వాటిని నా ముందు పెట్టింది.

"అత్తమ్మా, కుట్టు వంకర్లు పోతంది. అవుపడట్లేదేటి? సూది నాకిచ్చీ."

"నా కళ్ళకేటయింది? ఆడి కళ్ళకే పొరలు కమ్మినాయి," అన్నాను.

పెళ్ళికి ముందునుంచీ నా అన్నం నేను కుట్టుకు తింటున్నదాన్ని. సూది ఇచ్చేస్తే ఇంక నేనేమిటి, మూలన కూర్చునే ముసలమ్మనా? తలుచుకుంటేనే అసహ్యం వేసింది.

తిరనాళ్ళకి మనవరాలు తోడొచ్చింది. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అక్కడ బుడగలు కాల్చే దుకాణం కనబడి ఆగిపోయాను. అదే గాలి తుపాకి, తుప్పు పట్టిన చవకబారు సరుకు. చిన్నప్పుడు మా నాన్న, ఓడరేవులో మూటలు మోసి మోసి భుజం కాయ కాసినవాడు, నన్ను ఇలాంటి దుకాణాలకే తిప్పేవాడు. ఏ దుకాణంవాడైనా తుపాకి గురి కాస్త వంచే ఉంచుతాడు. అందుకే నాన్న, "మొదటి గుండు తుపాకిదే. బుడగలెనక అట్ట మీద బొక్క ఎక్కడ పడ్డాదో సూడు. తర్వాత దానికి ఎదురుపక్క గురెట్టు," అనేవాడు. పెళ్ళయ్యాక నేను తుపాకి ముట్టింది లేదు.

భుజానికి ఆనించగానే చేతులు వాటంతటవే సర్దుకున్నాయి. ఊపిరి బిగబట్టి నొక్కాను. ఎర్ర బుడగ టప్పున పేలింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. నేను మాత్రం తుపాకి దించాను. వంకర తుపాకికి మొదటి గుండే తగలడమేమిటి? తేరిపార చూస్తే, నేను తుపాకి సర్దుకునేలోగా దుకాణంవాడు బుడగల అట్టను ముందుకు జరిపేశాడు. ముసలిదని జాలి! ఛీ, ఈ జాలికన్నా కిళ్ళీ ఉమ్ము నయం.

"వెనక్కి జరుపు," అన్నాను బర్మా మాటల్లో.

"అంత దూరం మీకెందుకు, అమే," అన్నాడు, కన్నతల్లిని పిలిచినట్టు.

"జరుపు."

జరిపాడు. నీలం బుడగకి గురిపెట్టి మళ్ళీ మొదటి గుండు వదిలాను. ఏదీ పేలలేదు. బాగుంది. బొక్క కోసం చూశాను. బుడగలు రంగు ముద్దల్లా ఉన్నాయి గాని అట్టంతా ఒకటే బూడిద. కళ్ళు నులుముకుని చూశాను. లేదు. చివరికి మనవరాలినే అడిగాను.

"ఎక్కడ పడ్డాదే?"

"నీలం బుడగకి కుడేపు, మామ్మా. నాలుగు వేళ్ళెడం."

ఆ నాలుగు వేళ్ళూ ఎడమకి జరిపి నొక్కాను. టప్. ఇంకోటి. టప్. అబ్బ, ఎన్నాళ్ళకి! మైకులూ పొగా ఎటుపోయాయో తెలియలేదు. నవ్వాపుకోలేక తుపాకి బల్లమీద ఆనించి మరీ నవ్వాను. దుకాణంవాడు నోరెళ్ళబెట్టాడు.

తిరుగు బస్సులో ఆ నవ్వంతా దిగిపోయింది. బొక్క కనబడని కంటికి నల్ల మీద నల్ల దారం ఏం కనబడుతుంది?

ఇంటికి రాగానే సూదుల డబ్బా కోడలి ముందు పెట్టాను. నేను చెప్పలేదా అంటుందని కాచుకున్నాను. అనలేదు. "రేపో మాపో కన్ను సూపించుకుందాం అత్తమ్మా," అంది. ఆ మంచితనానికి ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కుడిచేతి చూపుడువేలు మాత్రం ఊరికే ఉండదే, దానంతటది మడుచుకుంటోంది. మనవరాలు పని నుంచి రాగానే, తిరనాళ్ళు ఇంకా ఎన్నాళ్ళుంటాయే అని అడిగాను.