చివరి వరుస మాట

ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊళ్ళో మా పిల్లల తెలుగు బడి పేరెంట్స్ కమిటీని నాకు ముందు ఒక ఆంటీ నడిపేవారు. మీటింగ్ ముగించే ముందు చివరి వరుసకేసి తిరిగి, "వెనకున్నోళ్ళు చెప్పండమ్మా, మీ మాటేంటి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడే ఉండేవారు. నాకది చాదస్తంలా తోచేది.

ఎవరూ రెండేళ్ళకు మించి ఉండకూడదని తనే నియమం పెట్టి, తనే దిగిపోయి నాకప్పగించారు. నేను అరగంటలో ముగించేసేదాన్ని. అందరూ ఐరిష్ వాళ్ళలా "గ్రాండ్", అంటే భేష్, అన్నారు. ఒకరోజు చివరి వరుసలోంచి ఆంటీ చెయ్యి సగం లేచింది.

"టైమైపోయింది ఆంటీ, వచ్చే మీటింగ్‌లో చెబుదురుగాని," అన్నాను.

"అలాగేలేమ్మా," అని దించేశారు.

ఆ మీటింగ్ రాకముందే గుండెపోటుతో పోయారు.

ఇప్పుడు నేనూ చివరి వరుసను అడుగుతాను. అందరూ చెప్పేశాక కూడా ఆ చెయ్యి ఇంకా సగం లేచే ఉంటుంది.