నలభై మూడు మలుపుల బాపిరాజు

ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. కొండెక్కే ఘాటీ రోడ్డు మీద ఇంతకు మించిన చట్టం లేదు. ఆ చట్టం తెలీని ఎర్ర కారొకటి ఒక పొద్దున్న బంధుగాం ఘాటీలో బాపిరాజుకి ఎదురొచ్చింది.

బాపిరాజు తోడల్లుడి పికప్పు బండిలో అల్లం బస్తాలేసుకుని పైకి ఎక్కుతున్నాడు. పక్క సీట్లో బంగారమ్మ ఒళ్లో పంచదార సంచి పెట్టుకుని కూర్చుంది. ఘాటీ పైన ఆమెకి టీ కొట్టుంది. ఏ సరుకు కావాలన్నా కిందకి దిగి తెచ్చుకోవలసిందే. ఎర్ర కారు పైనుంచి జారుతూ వచ్చి ముక్కుకి ముక్కు ఆనించినట్టు ఆగింది. నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఉంది. ఎవరో తొక్కేసిన అగ్గిపెట్టెలా ఉందనుకుంది బంగారమ్మ.

కార్లో కుర్రాడు హారన్ కొట్టేడు. బాపిరాజు ఇంజను కట్టేసేడు. కుర్రాడు మళ్ళీ కొట్టేడు. బాపిరాజు దిగి, రోడ్డు పక్కనుంచి రాయొకటి తెచ్చి వెనక చక్రం కింద పెట్టేడు. ఘాటీ డ్రైవర్లలో ఆ రాయికి ఒకటే అర్థం. ఇంక కదిలేది లేదని.

"అంకుల్, కొంచెం వెనక్కి తీయండి."

"ఎక్కే బండి ఎనక్కి పోదు బాబూ. దిగే బండే పోతాది."

"ఏ రూల్ బుక్‌లో రాసుంది?"

"ఈ కొండకి బుక్కు లేదు. లోయుంది. తొంగి సూడు, అందులో ఉంటాది."

"నా కారుకి వెనక సరిగా కనబడదు అంకుల్. రివర్స్ చాలా కష్టం."

"ఎనక్కెల్లడం రానోడివి ముందుకెందుకొచ్చేవు?"

బంగారమ్మ బండిలోంచే అందుకుంది. "ఆ తాబేలుని సంకనెత్తుకుని పక్కన పెట్టు నాయనా. నా పంచదార కరిగిపోతన్నాది."

అరగంట నడిచింది తగువు. బాపిరాజు గొంతు ఒక్కసారి కూడా లేవలేదు. బస్తాలోంచి అల్లం ముక్క తీసి, గోటితో తొక్క గీసి, నమిలేడు. చివరికి కుర్రాడే దిగొచ్చి "ఎలా తీయాలో మీరే చెప్పండి" అన్నాడు. బాపిరాజు కారు టాపు మీద చెయ్యి వేసి, ఆ టాపు అతని బొడ్డు దాకా కూడా రాలేదు, "కుడి కుడి, ఇంకాస్త, ఆగు" అంటూ రెండు మలుపులు వెనక్కెక్కించేడు. కారు మీద గీత పడలేదు. బంగారమ్మ తన జన్మలో చాలా తగువులు చూసింది, సగం తనే పెట్టింది. గెలిచినవాడు ఓడినవాడి బండిని చెయ్యి పట్టుకుని నడిపించిన తగువు మాత్రం అదొక్కటే.

బాపిరాజుది బొబ్బిలి దగ్గర పల్లె. మీసాలు సరిగా రాని వయసులో రాయగడ వచ్చి ప్రైవేటు బస్సులో డ్రైవరు సీటెక్కేడు. ముప్పై రెండేళ్లు దిగలేదు. బస్సు బంధుగాం మీంచి ఘాటీ ఎక్కి కోరాపుట్ వెళ్లేది. ఘాటీలో నలభై మూడు మలుపులు. ప్రభుత్వం వాటికి నంబరు రాళ్లు పాతింది. బట్టలుతకడానికి బాగుంటాయని జనం పట్టుకుపోయేరు. అందుకని బాపిరాజు పేర్లు పెట్టుకున్నాడు. అన్నీ వాంతుల పేర్లే. కొత్త పెళ్లికూతురు పెళ్లికొడుకు కండువాలో కక్కుకున్న చోటు పెళ్లికూతురు మలుపు. సంతకి పోతున్న మేక కూడా తట్టుకోలేకపోయిన చోటు మేక మలుపు. అతని కండక్టరు మన్మథరావు, సర్వీసంతా బస్సులోనే గడిపిన మనిషి, టిక్కెట్ల మీద వాంతి చేసుకున్నది మన్మథం మలుపు.

బంగారమ్మ వారం వారం సరుక్కి ఆ బస్సులోనే, ఇంజను పక్క సీట్లో కూర్చుని వెళ్లేది. అతను మలుపు పేరు చెప్పేవాడు, ఆమె వాంతి చేసుకున్నవాళ్లని వంశం దాకా తిట్టేది. తను మాత్రం ఒక్కసారీ చేసుకోలేదు. "ముప్పై రెండేళ్లలో నా బస్సులో కడుపు కదలని పాసింజరు నువ్వొక్కదానివే అప్పా" అనేవాడు బాపిరాజు. వాళ్ల వైపు అక్కని అప్పా అంటారు. రెండో తరగతిలో బడి మానేసిన బంగారమ్మకి పట్టా అంటే అదే.

తర్వాత యజమాని బస్సు అమ్మేసేడు. బాపిరాజు రెండేళ్లు బంగారమ్మ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడైనా పికప్పు తోలేవాడు, లేకపోతే అదే బల్ల. గెడ్డం గీసుకునేవాడు కాదు. టీ ఇస్తే తాగేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు.

తగువైన రోజు ఆ కుర్రాడు కూడా అదే బల్ల మీద కూలబడి టీ తాగేడు. పేరు శ్రావణ్‌కుమార్, ఊరు విశాఖపట్నం. "అంకుల్, ఇటువైపు మంచి రోడ్డెక్కడుంది? మా ఫ్రెండ్స్ అందరం కార్లేసుకుని సెలవుల్లో తిరుగుతుంటాం" అన్నాడు.

బాపిరాజు బాగా ఆలోచించి బోరిగుమ్మ వైపు పంపించేడు. సాయంత్రానికి కుర్రాడు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేడు.

"మంచి రోడ్డన్నారు. ఒక్క మలుపు లేదు. నాకు నిద్రొచ్చింది."

"మంచిదంటే అదే కద బాబూ. గ్లాసు నిండా టీ పోసుకెళ్లినా సుక్క ఒలకదు."

"మాకు ఒలకాలి అంకుల్! కొండలు కావాలి, లోయలు కావాలి, వరసగా తిప్పులు కావాలి."

బాపిరాజు బంగారమ్మ వంక చూసేడు. బంగారమ్మ కణత దగ్గర వేలు పెట్టి తిప్పింది.

"అంటే, జనం వాంతులు సేసుకునే రోడ్లు కావాల మీకు."

"అలాంటివి ఉన్నాయా?"

"అవే ఉన్నాయి."

అలాగ ముప్పై రెండేళ్లు తిట్టుకున్న రోడ్లన్నీ బాపిరాజుకి ఆస్తయి కూర్చున్నాయి. దసమంతపూర్ వైపు ఏడు వాంతుల రోడ్డు ఒకటి చూపించేడు. వాళ్లు దిగి దానికి ఫోటోలు తీసుకున్నారు. పదిహేను రోజులకోసారి కార్లు రావడం మొదలైంది. ముందు కార్లో శ్రావణ్‌కుమార్, పక్కన బాపిరాజు. దాన్ని సీటంటారట. బంగారమ్మ చూసింది, అది తొట్టి. అందులో కాళ్లు చాపుకుని కూర్చుని, రాబోయే మలుపు ఎడమో కుడో, బిగువో వదులో ముందే అరిచి చెప్పడం అతని పని. వెనక కార్లన్నీ ఆ ముందు కారు అడుగులోనే అడుగేస్తాయి.

షరతులు కూడా పెట్టేడు. సంత రోజున రాకూడదు. ఊరొస్తే సైకిలు వేగం. చోళ్ల కోతలప్పుడు, అంటే రాగుల కోతలప్పుడు, ఆడవాళ్లు పంట తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, బస్సులూ లారీలూ తొక్కితే గింజ రాలుతుందని. అక్కడ కారాపి అడగాలి. మొదటిసారి అలా ఆపితే, ఒకామె ఆ కారు పొట్ట కిందకి వంగి చూసి, "ఇది తొక్కుతాదా, తుడిసేస్తాదా?" అంది.

బాపిరాజు గెడ్డం గీసుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించేడు. టీ చల్లారిందని బంగారమ్మతో తగువు కూడా పెట్టుకున్నాడు. ఆమెకి అప్పుడు నమ్మకం కుదిరింది, మనిషి బతికేడని.

వానలు పట్టేయి, కార్లు ఆగేయి. ఆ రెండు నెలల్లో బంగారమ్మ కొన్ని చూసింది. అతను టీ గ్లాసుని బల్ల మీద కాక బల్లకి జానెడు ఇవతల పెట్టేడు. వచ్చే బస్సేదో బోర్డు చూసి కాదు, చప్పుడు విని చెప్పేడు. ఒకరోజు గుంజకి తగిలించిన ఆమె గొడుగుని "ఏం మన్మథరావూ, ఎప్పుడొచ్చేవు?" అని పలకరించేడు. మన్మథరావు గొడుక్కి మూడింతలుంటాడు.

బంగారమ్మ ఏమీ అనలేదు. ఆమె అనని సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండేళ్ల బల్ల గుర్తొచ్చి నోరు కట్టేసుకుంది. దానికి తర్వాత తనని తనే తిట్టుకుంది.

కార్తీకంలో శ్రావణ్‌కుమార్ ఒక్కడే వచ్చేడు. పై ఆదివారం పన్నెండు కార్లొస్తాయి, ముందుగా ఓసారి దారి చూసుకుందామని. ఇద్దరూ కిందకి దిగి, ఘాటీ మొదటినుంచీ ఎక్కుతూ వచ్చేరు. కారు కొట్టు ముందు ఆగేసరికి దాని ముక్కు నిండా చోడిగడ్డి ఉంది. గడ్డి మేస్తూ మధ్యలో లేచొచ్చిన ఎద్దులా ఉంది.

"రోడ్డు మార్చేసినట్టున్నారు బామ్మగారూ," అన్నాడు శ్రావణ్‌కుమార్. "అంకుల్‌కి ఎవరూ చెప్పలేదు. గడ్డికుప్ప కాబట్టి బతికిపోయాం." సిగ్నలు కోసం ఫోను పట్టుకుని అటు వెళ్లేడు.

జరిగిందిది. వానలకి కొండ జారిన చోట యంత్రాలు పెట్టి చెక్కి, పెళ్లికూతురు మలుపుని తీసేసి తిన్నగా కలిపేసేరు. మోకాళ్ల నొప్పితో బంగారమ్మ ఆ పని జరిగిన పది రోజులూ కిందకి దిగలేదు, అతని చెవిన వేసేవాళ్లు లేకపోయేరు. దిగేటప్పుడు కబుర్లలో పడి లెక్కెట్టని బాపిరాజు, ఎక్కుతూ లేని మలుపుకి "ఎడమ, బిగువు" అని అరిచేడు. అక్కణ్నుంచి లెక్క ఒకటి తప్పింది. "వదిలీ, తిన్నగా ఉంటాది" అన్నచోట కుడి మలుపొచ్చింది.

బంగారమ్మ వచ్చి బాపిరాజు ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి వేళ్లు చూపించింది.

"ఎన్ని యేళ్లు?"

"సెయ్యి కనబడతన్నాది."

"యేళ్లడిగేను."

"సెయ్యంటే అయిదే కదప్పా."

"రెండే ఎత్తేను."

బాపిరాజు టీ గ్లాసు కోసం తడిమేడు. ఆమె అందించలేదు.

"సుక్లాలు. రాయగడలో డాక్టరు ఎప్పుడో కోసేస్తానన్నాడు. కోసినాక నెల్లాళ్లు కుదుపు తగలకూడదంట. ఈ ఆదివారం అయిపోతే ఎల్దామని..."

"ఆ కుప్ప పక్కన సోళ్లు నూర్సే ఆడదుంటే?"

అతను రోడ్డు వైపు మొహం తిప్పేడు. తర్వాత అన్నాడు. "నలభై రెండైపోనాయప్పా. నాకు తెలీకుండా ఒకటి పోనాది."

"పోతే పోనీ. పన్నెండు కార్లు నీ నోటి మీద నడుస్తాయి. నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

బాపిరాజు లేచేడు. రోడ్డు పక్కన కాలితో తడిమి ఒక రాయి వెతుక్కున్నాడు. దాన్ని మోసుకొచ్చి, వంగి, ఎర్ర కారు వెనక చక్రం కింద పెట్టేడు. శ్రావణ్‌కుమార్ ఫోను దించేడు. ఆ రాయి అర్థం ఇప్పుడు అతనికీ తెలుసు.

"బాబూ, రోడ్డు మారింది నిజమే. నా కళ్లూ మారేయి. మలుపులు నాకు కనబడవు, లెక్కెట్టి సెప్తన్నాను. ఆదివారం నాను ఎక్కను."

కుర్రాడు కారు ముక్కులోంచి గడ్డిపోచ ఒకటి లాగేడు, ఇంకోటి లాగేడు. "ముందే చెప్పాల్సింది అంకుల్" అన్నాడు. మెల్లగానే అన్నాడు. "ఆదివారం ఆపేద్దామా మరి?"

"ఆపక్కర్లేదు." బాపిరాజు బంగారమ్మ ఉన్నవైపుకి, ఆమె చీర రంగు ఎటుందో చూసుకుని, తిరిగేడు. "అప్పా, మలుపుల పేర్లన్నీ నీకు నోటికొచ్చు. నీ కళ్లు గెద్ద కళ్లు. కడుపు కదలదు. ఆదివారం నా బదులు ఆ తొట్టిలో నువ్వు కూకో."

"ఈ వయసులో తాబేలెక్కి ఊరేగమంటావేటిరా?"

"రాబోయే మలుపేదో సూసి అరవాల. ఊరొస్తే మెల్లగా పొమ్మని తిట్టాల. అరవడమూ తిట్టడమూ నీకు ఒకరు నేర్పక్కర్లేదు." గొంతు కొంచెం తగ్గించేడు. "పెళ్లికూతురు మలుపు దగ్గర మాత్రం నోరు మూసుకో అప్పా. అది లేదు."