అత్త ఆపిన ట్రాక్టర్

మా మేనత్త పోయిందని ఎమ్మిగనూరు నుంచి బావ ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబ్‌లో ఉన్నాను. "అమ్మ నిద్రలోనే పోయింది పాపా," అన్నాడు. చేతిలో పని చేతిలోనే ఆగిపోయింది. ఆమెను తలుచుకుంటే ఏడుపుకన్నా ముందు నవ్వొస్తుంది, ఏం చేయను!

నేను క్వాంటం సెన్సర్లు తయారుచేసే ఇంజనీర్ని. అతి చిన్న అయస్కాంత మార్పును కూడా పరమాణువుల సాయంతో పసిగట్టే యంత్రం మాది. గదిలో బుద్ధిగానే ఉండేది. కొన్నేళ్ల కిందట, ఆరుబయట కూడా పనిచేస్తుందని చూపకపోతే ప్రాజెక్టు మూసేస్తామన్నారు పైవాళ్లు. కరెంటు తీగలు, బండ్లు లేని చోటు కావాలి. నందవరం దగ్గర, ఊరికి దూరంగా ఉన్న అత్త చేను గుర్తొచ్చింది. అడిగితే, "దానికేమి, తెచ్చుకో పాపా. సేనేమన్నా అరిగిపోతాదా?" అంది.

మేం వెళ్లిన ముందురోజే వాన పడింది. నేలలో తడి నిలిచి విత్తనానికి మంచి పదును. వేరుశనగ విత్తడానికి ఆదోని నుంచి ట్రాక్టర్ వచ్చి గట్టున నిలబడింది. అది కదిలితే మా కొలతలు గల్లంతు, కదలకపోతే అత్త చేను ఆరిపోతుంది. మేమే వెనక్కి పోతామన్నాను.

"ఊరికే ఉండు," అని నన్ను కసిరి, ట్రాక్టర్ నడిపే భాయ్‌ని కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టింది.

"పదును పోతాది గదక్కా," అన్నాడతను.

"పోతే ఇంగో వాన రాదా అప్పా? ఈ పాప మల్లా యాడ తెచ్చుకుంటాది ఆ మిషన్ని?"

తీరా మిషన్ పెట్టి చూస్తే దాని తెరమీద గీత ఉండుండి ఎగురుతోంది. వైర్లన్నీ విప్పి చూశాం. ఏమీ లేదు. చివరికి తెలిసింది, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని అత్త మిషన్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎగురుతోంది! ఆమె నడుముకు ఎప్పుడూ ఇనుప తాళాల గుత్తి. "ఓయమ్మో, నన్నే పట్టినాదా!" అని పకపకా నవ్వి, గుత్తి తీసుకుని పోయి ట్రాక్టర్ దగ్గరే కూర్చుంది.

ఎండెక్కింది. మట్టి పైపైన తెల్లబారుతోంది. నేను అదే చూస్తున్నానని తెలిసి ఆమె అటు తిరిగి కూర్చుంది. గీత నిలిచింది. కావలసిన కొలతలన్నీ దొరికాయి. ఈరోజుకీ నేను ఈ పనిలో ఉన్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. ఆ ఏడు చేలో మొలక పలచగా వచ్చిందని తర్వాత బావ చెప్పాడు. ఆమె మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆరోజు చివరి కొలత దొరకగానే, "అయిపోయిందత్తా!" అని అరిచాను. మిషన్ ఇంకా ఆపలేదు. ఆమె కొంగు దులుపుకుని లేచి, రమ్మని భాయ్‌కి చేయి ఊపింది. తెరమీద గీత ఒక్కసారిగా పైకి లేచింది. తడి ఇంకా మిగిలిన మూలవైపు అత్త వడివడిగా నడుస్తోంది, ట్రాక్టర్ ఆమె వెనకే.